అత్త వేసిన పీట

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరి దృష్టిలోనూ మా మేనత్త నీళ్ళ దొంగ. భీమునిపట్నం దగ్గర ఎర్రమట్టి మెట్ట మాది. వాలులో పై నేలచెక్క అత్తది, కింది చెక్క మాది. ఆ ఏడు మా బావి అడుగంటి కూరపాదులు వడలిపోయాయి. సరిగ్గా అప్పుడే అత్త తన చెక్కలో వాలుకి అడ్డంగా కందకాలు తవ్వడం మొదలుపెట్టింది. ఇంకేం కావాలి?

"ఏటి సేత్తందో సూసి రా," అన్నాడు నాన్న.

నన్ను చూసి అత్త నవ్వింది. "మీ నాన్న పంపినాడేటిరా? వొట్టి సేతుల్తో నిలబడకు, ఇది పట్టు," అని ఒక కర్రల చట్రం చేతికిచ్చింది. రెండు కర్రలు పైన కలిపి, మధ్యలో అడ్డకర్ర కట్టి, పైనుంచి తాడుకి రాయి వేలాడదీసింది. తాడు అడ్డకర్ర నడుమ గీసిన గీతకి తగిలితే చట్రం కాళ్ళు రెండూ ఒకే మట్టంలో ఉన్నట్టు. ఆ మట్టం వెంటే తవ్వాలి, తవ్విన మట్టిని దిగువన గట్టుగా పోయాలి, కందకంలో జీడిమామిడి ఆకులు పరచాలి. రోజంతా ఆ చట్రాన్ని నడిపించాను గానీ అత్తని నమ్మలేదు.

"నీళ్ళు ఆపేత్తన్నావు కదత్తా?" అని అడిగేశాను.

"ఆపడమేటిరా. వాన సుట్టం. పరుగెట్టుకొత్తాది. పీట ఎయ్యకపోతే అలాగే ఎల్లిపోతాది. నాను పీటేత్తన్నాను, అంతే."

పెద్దవాళ్ళు తియ్యగా మాట్లాడితే నాకు అప్పుడే అనుమానం. ఒక సాయంత్రం మబ్బు పట్టగానే, ఎవరూ చెప్పకుండానే పలుగు పట్టుకెళ్ళి గట్లన్నిటికీ గండ్లు కొట్టాను. మా బావికి న్యాయం చేశాననుకున్నాను.

వాన దంచింది. నీరు గండ్లలోంచి ఒక్క ఉరుకున దిగి, ఎర్రమట్టిని తోసుకొచ్చి మా బావిని బురదతో నింపింది. నాన్న అత్తనే తిట్టాడు. నేను పలుగుని గడ్డివాములో దాచాను.

వాన వెలియగానే అత్త మా గుమ్మంలోకి వచ్చింది. నా కాళ్ళకేసి చూసింది. పిక్కలకి కుళ్ళిన జీడిమామిడి ఆకులు అంటుకుని ఉన్నాయి.

"కాళ్ళు కడుక్కుని మా ఇంటికి రా. పీటేత్తాను," అంది.

నిజంగానే పీట వేసి చోడి అంబలి పోసింది. గిన్నె పక్కన పెట్టేశాను. "గండ్లు నానే కొట్టినానత్తా," అన్నాను.

"తెలుసు. రేపు నువ్వే పూడుద్దువుగాని, ముందు తాగు."

పూడ్చాను. బావిలో బురద కూడా తోడాను. మరుసటి వేసవిలో, అత్త కందకాల్లో ఇంకిన నీటితో, మా బావిలో చేద మునిగింది. నాన్న మాత్రం "ఊట తిరిగింది" అన్నాడే తప్ప చెల్లెలి పేరెత్తలేదు. ఆ కోపం నాకింకా పోలేదు.

మొన్న భీమునిపట్నం వైపు మెట్టలో నీటిని నేలకి తాగించడం నేర్పుతారని తెలిసి, నగరంలోని మద్దిలపాలెంలో బస్సెక్కి వెళ్ళాను. కుర్రాళ్ళు అవే మూడు కర్రలు పట్టుకుని ఫొటోలు దిగుతున్నారు. ఒక్కడి చొక్కాకీ మట్టి లేదు. ఇదంతా ఎవరిని మోసం చెయ్యడానికని అడుగుదామని నోరు తెరిచి, అలవాటుగా ముందు నా కాళ్ళకేసి చూసుకున్నాను. చెప్పులు తళతళలాడుతున్నాయి.

వాటిని గట్టున విడిచి, చట్రం అందుకున్నాను.