మార్తా చివరి పాదం

అమెరికాలో ఆష్‌బర్న్‌లో ఉండే రేణు స్కూళ్ళలో సబ్‌స్టిట్యూట్ టీచర్. పదకొండేళ్ళు, ఉద్యోగం చెయ్యనివ్వని డిపెండెంట్ వీసా మీద ఇంట్లోనే ఉండాల్సొచ్చిన మనిషి. ఖాళీగా కూర్చోవడమంటే ఇప్పటికీ ఆమెకు ఒళ్ళుమంట. ఆ రోజుల్లోనే లైబ్రరీవాళ్ళు పాత పుస్తకాలు అమ్ముతుంటే మార్తా ఎల్లిన్‌వుడ్ కవితల పుస్తకం దొరికింది. మార్తా విక్టోరియా రాణి కాలంలో, ఇంగ్లండ్‌లో ఎవరెవరి ఇళ్ళలోనో పిల్లలకు చదువు చెప్పుకుంటూ ముప్ఫై నాలుగేళ్ళకే పోయింది. ఆ తర్వాత పాస్టరైన తమ్ముడు ఆ పుస్తకం వేయించాడు. ఆరేళ్ళుగా రేణు ఆ కవితల్ని తెలుగు చేస్తోంది.

ఒక కవితను తెలుగు సంఘం పత్రికకి ఇచ్చింది. అందులో ఒకామె తను పనిచేసే ఇంటి గడప దాటుతుంది. చివరి పాదంలో తప్పయిందని తిరిగొస్తుంది. ఆ పాదం రేణుకు మొదటినుంచీ మింగుడుపడలేదు. ఒక శనివారం మధ్యాహ్నం ఏదో యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో మార్తా నోట్‌బుక్ స్కాన్లు కనబడ్డాయి. మార్తా తన చేత్తో రాసిన పాదంలో ఆమె ఇంక రానని చెప్పి వెళ్ళిపోతుంది. తమ్ముడు ఆ పాదం కొట్టేసి, పైన తనది రాశాడు.

రేణు వెంటనే దగ్గర్లోని హెర్న్‌డన్‌లో పత్రిక ఎడిటర్ లక్ష్మీపతి ఇంటికి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళింది.

"పేజీలు అయిపోయాయమ్మా. సాయంత్రం ప్రింటింగ్‌కి పంపేస్తున్నా. ఒక్క లైనే కదా!" అన్నాడాయన.

"ఆ లైన్ ఆమెది కాదండీ. తమ్ముడు పెట్టింది."

"ఎప్పటి గొడవో అది. ఎవరు చూస్తారు?"

"నేను చూశాను కదండీ."

ఆయన నిట్టూర్చి లాప్‌టాప్ తెరిచాడు. తీరా చూస్తే, ఆమె గడప దాటుతూ చెప్పే ఆ చివరి మాటకి రేణుకే తెలుగు దొరకలేదు. 'వెళ్ళొస్తా' అంటే మళ్ళీ వస్తాననే. 'సెలవు' అంటే మరీ మర్యాద. సోఫాకీ కిచెన్‌కీ మధ్య తిరుగుతూనే ఉంది.

టీ పెడుతున్న లక్ష్మీపతి భార్య స్వరూప అడిగింది. "ఇంతకీ ఆమె ఏమన్నదంట?"

"ఇంక రానని, అక్కా."

"మరి 'పోతున్న' అని రాయి."

"అపశకునం!" అన్నాడు లక్ష్మీపతి.

"మా నల్లగొండల రోజూ అదే అంటం. అందరం సచ్చినమా?"

రేణు ఫక్కున నవ్వింది. "అదే టైప్ చేయండి."

పత్రిక వచ్చాక ఒకాయన ఫోన్ చేసి, ఉగాది సంచికలో ఈ మాటేమిటని కోప్పడ్డాడు. వేరే రాష్ట్రంలోని కమ్మింగ్ నుంచి అదితి అనే కాలేజీ అమ్మాయి, కవితను కూడబలుక్కుని చదివి, "ఆంటీ, తర్వాత ఆమె ఎక్కడికి వెళ్ళింది?" అని అడిగింది. తెలీదమ్మా అంది రేణు.

పూర్తయ్యాయనుకున్న నలభై కవితల్నీ ఇప్పుడు స్కాన్లతో పోల్చి మళ్ళీ రాస్తోంది. తొమ్మిది అయ్యాయి. అనువాదాల పుస్తకం ఇస్తానని పబ్లిషర్‌కి చెప్పిన గడువు ఎప్పుడో దాటిపోయింది.