అమ్మ పలకని వాక్యం

మా చర్చిలో ప్రతి ఆదివారం ప్రసంగానికి ముందు అందరం లేచి నిలబడి విశ్వాస ప్రమాణం చెబుతాం. ఆకాశాన్నీ భూమినీ చేసిన తండ్రి, మనిషిగా పుట్టి, చనిపోయి, మూడోనాడు లేచి, తీర్పు తీర్చడానికి మళ్ళీ రాబోయే కుమారుడు, పరిశుద్ధాత్మ, సంఘం, పాపక్షమాపణ, చనిపోయిన శరీరం తిరిగి లేవడం, నిత్యజీవం. మేం నమ్మేదంతా రెండు నిమిషాల్లో అయిపోతుంది. అమ్మకు అక్షరం ముక్క రాదు గానీ ఇది మాత్రం నోటికి వచ్చు. కళ్ళు మూసుకుని, శెనక్కాయలు ఒలిచినట్టు గబగబా, అందరికంటే ఒక మాట ముందుండేది. కొంచెం నిదానించమని నేను మోచేత్తో పొడిచేదాన్ని. ఒక్కసారి వింటేనా!

నాయన పోయిన తర్వాత ఒక ఆదివారం అమ్మ గొంతు మధ్యలో ఆగిపోయింది. దగ్గు వచ్చిందేమో అనుకున్నాను. మరుసటి వారమూ అక్కడే ఆగింది. పాపక్షమాపణ దాకా చెప్పి, శరీరం తిరిగి లేస్తుందనే మాట దగ్గర పెదవులు బిగించేసింది. చివర్లో ఆమెన్ మాత్రం అంది. మూడో వారానికి నాకు అర్థమైంది. ఆ మాటను అమ్మ నోట్లోంచి లాక్కున్నది నేనే.

నాయన క్రైస్తవుడు కాదు. అమ్మను చేసుకున్నందుకు అన్నదమ్ముల చేత నానా మాటలు పడ్డాడు గానీ, చర్చి మానుకోమని ఆమెను ఒక్కనాడూ అనలేదు. ప్రతి ఆదివారం మోపెడ్ మీద గార్లదిన్నెలో చర్చికి తీసుకొచ్చి, తాను బయట వేపచెట్టు కింద కూర్చునేవాడు. పాస్టరు అయ్యగారు మారినప్పుడల్లా కొత్తగా వచ్చినాయన పాపం లోపలికి రమ్మని పిలిచేవాడు.

"నాకూ మీ దేవునికీ జగడమేం లేదప్పా. అందరూ లోపలికి పోతే సెప్పులు సూసేదెవురు?" అనేవాడు నాయన. క్రిస్మస్‌కు మిద్దె మీద నక్షత్రం కట్టేదీ ఆయనే, అది వెలగకపోతే నా మీద అరిచేదీ ఆయనే.

నేనేమో సండే స్కూల్లో పాఠాలు చెప్పేదాన్ని. పది మంది పిల్లలు బుద్ధిగా వింటుంటే దేవుడి మనసులో ఏముందో నాకు ముందే తెలిసిపోయినట్టు ఉండేది. బాప్తిస్మం తీసుకోమని ఆయన ప్రాణం తీశాను. ఆయన నవ్వి ఊరుకునేవాడు, నాకు ఒళ్ళు మండేది.

ఆయన పోయినప్పుడు చిన్నాయనలు తమ పద్ధతి ప్రకారం, మా చేనులోనే, తల దక్షిణానికి పెట్టి పూడ్చారు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ అమ్మ, "అందరూ లేసే దినం మళ్ళా సూస్తాలే ఆయన్ని" అంది. నాకు దుఃఖం, దాని మీద కోపం.

"ఎట్ల సూస్తావుమ్మా? తల పగలగొట్టుకోని చెప్పినా బాప్తిస్మం తీసుకోలేదు గదా, ఆయనెట్ల లేస్తాడు!" అనేశాను.

అమ్మ చెంబు కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం అని ఊరికే అనలేదు పెద్దలు.

మూడో ఆదివారం చర్చి నుంచి వచ్చాక అడిగాను, ఆ ఒక్క మాట ఎందుకు చెప్పడం లేదని.

"నమ్ముతాండానని దేవుని ముందర నిలబడి సెప్పేటప్పుడు నిజం సెప్పాల గదా పాపా. ఆయన ల్యాకుండా నేనొక్కదాన్నే లేసి ఏం సేసుకోవాల?" అంది. మళ్ళీ తనే, "మనోళ్ళందరికీ కాళ్ళు తూర్పుకు పెట్టినారు. లేస్తూనే తూర్పు పక్క సూస్తారు. మీ నాయన ఉత్తరం పక్కకు లేస్తాడు. ఎవురూ కనపడకపోతే మళ్ళా పండుకుంటాడు" అంది.

మా సమాధుల తోటలో అదే ఆచారం. ప్రభువు తూర్పు నుంచి వస్తాడని, లేవగానే ఎదురుగా కనబడాలని, కాళ్ళు తూర్పుకు పెడతారు. అమ్మ ఇన్ని రోజులూ ఈ దిక్కుల లెక్క వేసుకుంటూ కూర్చుందని నాకు అప్పుడు తెలిసింది. అయినా నోరు ఊరుకుంటుందా? తనను చేనులో ఆయన దగ్గరే పెట్టమని ఆమె అనగానే మళ్ళీ లేచాను. అవ్వా తాతా ఉన్న సమాధుల తోట వదిలేసి చేనులోనా, సంఘంలో తల ఎత్తుకోవద్దా అని వాదించాను. అయ్యగారైనా నా పక్క మాట్లాడతాడని అమ్మను ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను.

అయ్యగారు చిన్నవాడు, మాది ఆయనకు మొదటి సంఘం. అమ్మ కూర్చోకముందే అడిగేసింది.

"అయ్యా, మా ఇంటాయన లేస్తాడా, లేయడా?"

"నాకు తెలీదు అవ్వా. తెలుసునంటే అబద్ధమవుతాది. తీర్పు తీర్చేది ప్రభువేనని ప్రమాణంలో చెప్తాం గదా. ఆ పని నాకు అప్పజెప్పలేదు" అన్నాడు. తర్వాత నా వైపు చూసి, "చేనులో పెట్టకూడదని అందులో యాడా లేదక్కా. ఆ పొద్దుకు నేనీడ ఉంటే నేనే వచ్చి ప్రార్థన చేస్తా" అన్నాడు.

నాకు సిగ్గేసింది. తీర్పు గురించిన ఆ మాట చిన్నప్పటినుంచీ చెబుతూనే ఉన్నాను. చెబుతూనే ఆ తీర్పు కుర్చీలో నేను కూర్చున్నాను.

అక్కడినుంచి నేరుగా చేనుకు వెళ్ళాం. వానలు లేక ఆ ఏడు విత్తనం పడలేదు. ఎర్రమట్టి దిబ్బ చుట్టూ పేర్చిన రాళ్ళు తప్ప చేనంతా బోడిగా ఉంది. "అమ్మా, ఆ పొద్దు నేనట్ల అనకుండా ఉండాల్సింది. తప్పు నాదే" అన్నాను.

"తెలుసులే. నీకు నోరు ముందు, బుద్ధి యెనక" అంటూ పుల్ల తీసుకుని, నాయన తల ఉన్న చోటి నుంచి తూర్పుకు ఒక గీత గీసింది.

"అట్లయితే అడ్డంగా ఉంటాది గదమ్మా. పక్కపక్కనే పెడితే బాగుంటాది" అన్నాను.

"అప్పుడు నా కాళ్ళు తూర్పుకు యాడుంటాయి?" అని చీర సర్దుకుని, ఆ గీత మీద వెల్లకిలా పడుకుంది. కాళ్ళు తూర్పుకు, తల నాయన తలకు ఆనుకున్నట్టు. డెబ్బై దాటిన మనిషి. వద్దమ్మా లే అంటున్నా వినదే!

"తల ఈడ ఎందుకో తెలుసా పాపా? దూరం నుంచి పిలిస్తే లేసే మనిషా ఆయన? బోరుకు కరెంటొచ్చిందని నలభై ఏండ్లు సెవి కాడ అరిసి లేపింది నేనే గదా. ఆ పొద్దు దేవుడు పిలుస్తాడు, ఈయనకు ఇనపడి సస్తుందా? నేనే లేపి తోడుకోని పోతా. బాప్తిస్మం సంగతి దేవునితో నేను మాట్లాడుకుంటా. నువ్వు మాత్రం నడుమ రావద్దు."

నేను ఆమె పక్కన కూలబడి, నాయన పోయిన రోజు కూడా ఏడవనంతగా ఏడ్చాను.

"సాల్లే ఏడ్సింది. సెయ్యియ్యి, లేపు" అంది అమ్మ. "మన్ను కాల్తాండాది."