గుండీల కంపెనీలో సాలమ్మ పేరు

దయ్యం కనిపించిందని ఎవరైనా చెబితే, నిద్ర చాలలేదేమో అనేదాన్ని. నాకు కనిపించిందని ఇప్పటికీ అనను. చూసింది మాత్రం చెబుతాను.

అది తెలంగాణ బంద్ రోజు. నేను వంట చేసే ఆఫీసు క్యాంటీన్ మూశారు. బస్సులు లేవు. కొండాపూర్ నుంచి నడిచి, హైటెక్ సిటీలో అద్దాల భవనాల మధ్య మిగిలిన పాత గుండీల కంపెనీకి వెళ్లాను. దాన్ని ఇప్పుడు మ్యూజియం చేశారు. మా అమ్మ సాలమ్మ చాలా ఏళ్లు అక్కడ చొక్కా గుండీలకు బెజ్జాలు వేసింది. ఆమె పోయి ఇరవై ఏళ్లు. ఒక్క ఫోటో కూడా లేదు. నేను నలభై ఎనిమిదో ఏట చర్చిలో అక్షరాలు నేర్చుకున్నాక, ఆ గోడల మీద ఎక్కడైనా ఆమె పేరుందేమో చదవాలనిపించింది.

గేటు దగ్గర వాచ్‌మన్ ఒక్కడే ఉన్నాడు.

"బంద్ నాడు ఏం జూస్తవక్కా? సార్లు గూడ రాలే."

"మా అమ్మ ఈడనే పనిచేసింది తమ్మీ."

"గట్లనా? అయితే పో. జర జల్ది రా."

లోపల యంత్రాలకు నూనె రాసి మెరిపించారు. యజమానుల ఫోటోల కింద పేర్లన్నీ కూడబలుక్కుని చదివాను. ఆడవాళ్ల ఫోటో ఒకటే ఉంది. అందరూ తలలు వంచుకుని పనిలో ఉన్నారు. కింద "మహిళా కార్మికులు" అని రాసి ఊరుకున్నారు. అన్ని పాపిటల్లో అమ్మది ఏదో పోల్చుకోలేకపోయాను.

గుమ్మం పక్కన సందర్శకుల పుస్తకం ఉంది. "సాలమ్మ ఇక్కడ పనిచేసింది" అని నల్ల పెన్నుతో రాశాను. అమ్మ పేరు రాయడం అదే మొదటిసారి. ఏడుపొచ్చింది. ముఖం కడుక్కుందామని వెనక నల్లా దగ్గరకు వెళ్లాను.

తిరిగొచ్చేసరికి ఆ పేరు పక్కన నీలం సిరా వేలిముద్ర ఉంది. ఇంకా తడి ఆరలేదు. గీతలకు అడ్డంగా తెల్లటి కోత. బెజ్జాల మిషన్ గాటు పెట్టిన బొటనవేలితో, సంతకం రాని అమ్మ జీతం రోజు వేసే ముద్ర సరిగ్గా అలాగే ఉండేది.

వాచ్‌మన్‌ను పిలిచి చేతులు చూపించమన్నాను.

"ఏందక్కా, నేను దొంగనా?" అని నవ్వుతూ చాపాడు. శుభ్రంగా ఉన్నాయి. నావీ అంతే. పుస్తకం చూశాక అతను నవ్వలేదు.

"ఈడ సిరా డబ్బానే లేదు. గేటు కాడ నేనే ఉన్న. లోపల నువ్వొక్కదానివే."

ఎలా జరిగిందో ఈనాటికీ చెప్పలేను. భయం మాత్రం వేయలేదు. ముట్టుకుంటే చెదిరిపోతుందని, ఆ ముద్ర ఆరేదాకా దాని పక్కనే నిలబడ్డాను.