డిన్నర్ సెట్టుకు చుట్టిన చీరలు

మా అల్లుడు నా బొంతపనిని టైంపాస్ అంటాడు. ఇంటికి ఎవరొచ్చినా, "మావయ్యగారికి టైంపాస్ అండి, ఊరికే కూర్చోలేరు" అని నవ్వుతూ చెబుతాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఇదే కువైట్‌లో స్టోర్‌కీపర్‌గా బోల్టులూ పైపులూ వరసగా పేర్చాను. దాన్ని ఎవరూ టైంపాస్ అనలేదు. జీతం ఇచ్చారు కాబట్టి అది పని. ఇప్పుడు ఇక్కడే రిగ్గై పేటలో మా అమ్మాయి ఇంట్లో కూర్చుని నా భార్యకు బొంత కుడితే అది కాలక్షేపం!

బొంత కుట్టడం మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. మా గోదావరి వైపు చీర చిరిగితే పారేయడమనేది ఉండేది కాదు. గట్టిగా ఉన్నవి పైకి, నలిగి పలచబడ్డవి లోపలికి. మడతలు నేలమీద పరిచి, మూలల్లో బరువులు పెట్టి, ముందు పొడుగు టాకాలు వేసి, ఆ తర్వాత అంచు నుంచి లోపలికి వరస వెంట వరస కుట్టుకుంటూ రావాలి. ఎక్కడా ఉబ్బకూడదు, ముడత పడకూడదు. అమ్మ చీర అంచుల్లోంచి దారం లాగి ఇచ్చేది, నేను సూదికి ఎక్కించేవాణ్ణి. ఇప్పుడు నా కళ్ళు ఆనడం లేదు. దారం నా భార్య ఎక్కించి ఇస్తుంది.

మా అమ్మాయి నర్సు. ఆమె డ్యూటీకి, అల్లుడు ఆఫీసుకి, మనవరాలు స్కూలుకి వెళ్ళగానే హాల్లో టీపాయ్ గోడకు జరిపి, నేల తుడిచి, ఆరాక బట్ట పరుస్తాను. పక్కన టీ గ్లాసు. పోయిన చలికాలం మనవరాలికి ఒకటి పూర్తి చేశాను. అది లేకుండా ఆ పిల్ల పడుకోదు. అంత తృప్తి నాకు ఉద్యోగంలో ఒక్కనాడూ కలగలేదు.

రెండోది నా భార్యకి. ఈ బిల్డింగులో ఏసీ అందరికీ కలిపి ఒకటే, మా గదిలో తగ్గించుకోవడానికి వీల్లేదు. ఎండాకాలమంతా ఆవిడ మోకాళ్ళు పట్టేస్తాయి. ఇక్కణ్ణుంచి అందరూ ఊళ్ళకు మోసుకెళ్ళే ఆ బొచ్చు దుప్పటి కప్పితే, "ఊపిరాడట్లేదండీ, గొర్రెని మీద పడుకోబెట్టుకున్నట్టుంది" అని తన్నేస్తుంది. అందుకని ఆవిడ పాత నేత చీరలతోనే ఆవిడ బొంత అనుకున్నాం. కిందటిసారి ఊరెళ్ళినప్పుడు ట్రంకు పెట్టె అడుగు నుంచి ఏరి తెచ్చాం.

ఆ ఏరుకోవడమే ఒక పండగ.

"ఈ నీలం దాంతోనే కదండీ అమ్మాయికి ఉయ్యాల కట్టాం."

"దూలానికి కట్టింది నేను. ఊపింది మీ అమ్మ. పేరు మాత్రం నీది."

"మీరు ఊపితే పిల్ల లేచి కూర్చునేది మరి!"

ఆ నీలం చీర సరిగ్గా మోకాళ్ళ దగ్గరకు వచ్చేలా వేస్తానన్నాను. అన్నీ ఉతికి, ఇస్త్రీ చేసి, పైకి వచ్చేవి ఒక మూట, లోపలికి వెళ్ళేవి ఒక మూట కట్టి హాల్లో బీరువాలో పెట్టాను.

ఒక సాయంత్రం మేమిద్దరం నడకకు వెళ్ళి వచ్చేసరికి ఆ అర ఖాళీగా ఉంది.

"మూటలేవి బాబూ?"

"అవా? ఊళ్ళో మా చెల్లెలి కొత్తింటికి డిన్నర్ సెట్టు పంపుతున్నాం కదా మావయ్యగారూ, దానికి చుట్టేశాను. పింగాణీ, పగిలిపోద్దని. కార్గో వాళ్ళు ఇందాకే పట్టుకెళ్ళారు. ఖలాస్."

"ఇస్త్రీ చేసి మూట కట్టినవి మీకు చిత్తుగుడ్డల్లా కనపడ్డాయా అల్లుడుగారూ?"

"పాతవే కదండీ!"

అందులో అబద్ధం లేదు. అదే నన్ను ఇంకా మండించింది. నా భార్య నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగుతున్నకొద్దీ నా గొంతు పెరిగింది. చివరికి కింద నుంచి వాచ్‌మన్ వచ్చి తలుపు కొట్టాడు, ఎవరికైనా ఏమైనా అయిందా అని. డ్యూటీ నుంచి వచ్చిన అమ్మాయి, "గుడ్డల కోసం ఇంత గొడవా నాన్నా? ఆస్పత్రిలో నేను ఏమేం చూసొస్తున్నానో తెలుసా?" అంది.

"నువ్వు ఊగిన ఉయ్యాల కూడా వాటితోనే పోయిందే" అన్నాను.

అమ్మాయి లోపలికి వెళ్ళిపోయింది. రోజూ రాసుకునే డైరీలో ఆ రాత్రి ఒక్క వాక్యమే రాశాను. మర్నాడు చూస్తే ఆ అక్షరాలు వెనక పేజీ మీద కూడా పొడుచుకొచ్చి ఉన్నాయి.

తెల్లారాక అబ్బాసియాలో కార్గో షాపుకు వెళ్ళాను. "సీలేసి గోడౌన్‌కి పంపేశాం పెద్దాయనా, అన్ని పెట్టెల్లో మీదొక్కటీ ఎలా వెతకమంటారు?" అన్నారు. అక్కడే నిలబడి అల్లుడి చెల్లెలికి ఫోన్ చేశాను.

"అమ్మాయ్, ప్లేట్లు ఏమైనా ఫర్వాలేదు. చుట్టిన చీరలు మాత్రం పారేయకు."

"అయ్యో, అలాగే మావయ్యగారూ. భద్రంగా తీసి పెడతాను."

ఓడ మీద పెట్టె చేరేసరికి నెల దాటింది. వీడియో కాల్ వచ్చింది. ఒక్క ప్లేటూ పగల్లేదని అల్లుడు మురిసిపోతున్నాడు. "చీరలేవమ్మా?" అని అడిగాను. ఆ పిల్ల ముఖం మారిపోయింది.

"నేను ఇంట్లో లేనప్పుడు మా ఆయన పెట్టె విప్పేశారండీ. రంగులేస్తున్నారు కదా, గచ్చు పాడవకుండా పరిచేశారట. ఆయనకి చెప్పడం మర్చిపోయాను మావయ్యగారూ."

ఫోన్ తిప్పి చూపించింది. గచ్చు మీద నీలం చీర. దాని మీద తెల్లరంగు మరకలు, పనివాళ్ళ చెప్పుల అచ్చులు.

నా భార్య "పోన్లెండి" అని వంటింట్లోకి వెళ్ళింది. ఆ పోన్లెండికి వచ్చినంత కోపం నాకు అల్లుడి మీద కూడా రాలేదు.

శుక్రవారం అల్లుడు రెండు కొత్త చీరలు కొనుక్కొచ్చాడు. "మంచి కాటన్ మావయ్యగారూ. వాటికన్నా ఇవే గట్టిగా ఉంటాయి. కుట్టేయండి."

గట్టిగా ఉండేది కావాలంటే గోనెసంచి కప్పుకోవచ్చు. ఈ ఊళ్ళో డబ్బు పెడితే దొరకనిది లేదనుకుంటారు. పాత చీర ఏ షాపులో దొరుకుతుంది? ఒక మనిషి దాన్ని కట్టాలి. పొయ్యి ముందు నిలబడాలి, కొంగుతో పిల్ల ముక్కు తుడవాలి, ఉతకాలి, ఆరేయాలి, మళ్ళీ కట్టాలి. దానికి ఏళ్ళు పట్టాలి. "ఆ ఏళ్ళు కూడా కొనుక్కొచ్చారా?" అని ముఖం మీదే అడిగాను. అతను సంచి టీపాయ్ మీద పెట్టబోయాడు.

నా భార్యే వచ్చి అందుకుంది. "ఇటివ్వండి బాబూ. నేను కట్టి పాతవి చేస్తాను."

"ఎప్పటికి?" అన్నాను.

"ఎప్పటికైతే అప్పటికి. అందాకా మీరు కోపంగానే ఉండండి. మీకూ ఒక పని ఉండాలిగా."

అప్పటినుంచి ఆ రెండు చీరలే మార్చి మార్చి కడుతోంది. నేను వాటిని మెషీన్‌లో వేయనివ్వను. బకెట్లో నేనే ఉతికి డాబా మీద ఆరేస్తాను. ఇక్కడి ఎండకు బట్టలు పాడైపోతాయని అందరూ తిట్టుకుంటారు. పాడుచేయమనే ఆరేస్తున్నాను. అల్లుడు కనపడితే మునుపటిలా 'బాబూ' అనను, ఇప్పటికీ 'మీరు' అనే అంటాను, ముక్తసరిగా.

పొద్దున్నే టీ ఇచ్చేటప్పుడు ఆవిడ కొంగు నా చేతికిస్తుంది. రెండు వేళ్ళ మధ్య నలిపి చూస్తాను.

"మెత్తబడిందా?"

"ఎక్కడ? ఇంకా గంజే వదల్లేదు."

"అయితే రేపు చూద్దురుగాని" అంటుంది, మోకాలి మీద చెయ్యి ఆనించి లేస్తూ.