సంచులు చింపిన వరుస

దారిలో బస్సు టైరు పేలింది. అందరం దిగి ఎదురుగా ఉన్న పొడవాటి గోడ నీడన చేరాం. గోడ మీద ఆకుపచ్చ అక్షరాలు: 'మేం వాడిన నీళ్లు చుక్క కూడా బయటికి పోవు. మా తోటే తాగేస్తుంది.' అది రంగుల ఫ్యాక్టరీ. చాలా దేశాలు తిరిగాను. నల్లగా రాసిన అబద్ధాలూ చూశాను, ఎర్రగా రాసినవీ చూశాను. ఆకుపచ్చగా రాస్తే మాత్రం జనం చదవకుండానే నమ్ముతారు. ఆ ముక్క పైకే అన్నట్టున్నాను, నాతోపాటే బస్సు దిగి పక్కన నిలబడ్డతను తలతిప్పాడు.

"ఆ తోటమాలిని నేనే, పెద్దాయనా."

పేరుకే మాలి. తనిఖీ వస్తోందంటే మొక్కల్ని ప్లాస్టిక్ సంచులతో సహా గుంటల్లో దించి, పైన మట్టి కప్పడం అతని పని. వాళ్లు వెళ్లగానే పైకి లాగి, లారీకెక్కించి ఇంకో ఫ్యాక్టరీకి పంపేవాడు. అద్దె కుర్చీలకీ వాటికీ తేడా లేదన్నాడు.

గోడ వెనకే అతని సొంత అక్క ఇల్లు. బావిలో నీళ్లు పూటకో రంగు తేలుతుంటే ఆవిడ కోర్టుకెక్కింది. తోట ఉత్తిదని రుజువైతే, ఆ నీళ్లు ఎక్కడికి పోతున్నాయో వేరే చెప్పక్కర్లేదు. సాక్ష్యం చెబుతానని తమ్ముడు మాటిచ్చాడు.

అంతకుముందే ఒక పని చేసి ఉన్నాడు. సంచుల్లో వేళ్లు చుట్టచుట్టుకుని మొక్కలు మాడిపోతుంటే చూడలేక, గోడవారగా ఒక్క వరుసకి సంచులు చింపేశాడు. ఓడల్లో వంట చేసి మానేసిన ముసలివాణ్ణొకణ్ణి ఎరుగుదును, ఎవరింటికెళ్లినా పొయ్యి మీది గిన్నె కలపకుండా ఉండలేడు. చేతుల సంగతే అంత.

ఆ వరుస చిగురేసింది. మేనేజరు కన్ను దాని మీదే పడింది. కోర్టు పంపిన అధికారిని నేరుగా అక్కడికే తీసుకెళ్లాడు. తవ్వితే సంచి లేదు, వేళ్లు లోతుగా దిగిపోయి ఉన్నాయి. పక్క వరుస కూడా తవ్వించమని మాలి బతిమాలాడు.

"ఈయన కేసు వేసినావిడకి సొంత తమ్ముడండీ," అన్నాడు మేనేజరు, ఎంతో మర్యాదగా.

పలుగు అక్కడితో ఆగిపోయింది. కేసు కొట్టేశారు. గోడ మీద కింది వరుసలో కొత్త రంగుతో ఒక ముక్క చేరింది: 'న్యాయస్థానం నిర్ధారించిన తోట.' తమ్ముడు వాళ్లకి అమ్ముడుపోయాడని అక్క గుమ్మం తొక్కనివ్వడం లేదు.

"సంచులు చింపిన సంగతి ఆవిడకి చెప్పారా?" అనడిగాను.

"అమ్ముడుపోయాననుకుంటే తిట్టుకోడానికి నేనైనా ఉన్నాను, పెద్దాయనా. మొక్కల మీద జాలిపడి నిన్ను ముంచానంటే, అక్కకి ఏం మిగుల్తుంది?"

డ్రైవరు హారన్ కొట్టాడు. నేను మెట్టెక్కి వెనక్కి చూశాను. అతను బస్సు వైపు రాలేదు. గోడ వెంబడే అక్క ఇంటి మలుపు దాకా వెళ్లి, కాస్త ఆగి, మలుపు తిరక్కుండా తిన్నగా నడిచిపోయాడు.