మా తాత కళ్ళు నాకొచ్చాయి

మా గురజాల వైపు ఆ రోజుల్లో ఒక కుర్రాడికి ఉద్యోగం వచ్చిందని ఊరంతా చెప్పుకోవడానికి ఉద్యోగం రానక్కర్లేదు, రాతపరీక్ష పాసైతే చాలు. ఇరవై మూడేళ్ళప్పుడు నేను రైలింజను నడిపే ఉద్యోగానికి పరీక్ష రాసి పాసయ్యాను. ఇంకా వైద్య పరీక్ష ఉందని ఎంత మొత్తుకున్నా మా నాయనమ్మ వినలేదు. చర్చిలో కృతజ్ఞత కూడిక పెట్టించి, అందరికీ లడ్డూలు పంచి, "మావోడు నడిపితే మనూళ్ళో కూడా రైలు ఆగుద్ది" అని మాట ఇచ్చేసింది. (మా ఊరికి అసలు రైలు పట్టాలే లేవు. ఆ సంగతి చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.)

వైద్య పరీక్షలో గుండె బాగుంది, ఊపిరితిత్తులు బాగున్నాయి. చివర్లో డాక్టరుగారు ఒక పుస్తకం తెరిచి, రంగు చుక్కలున్న పేజీ చూపించి, ఇందులో అంకె ఎంత అని అడిగారు. మొదటి పేజీలో పన్నెండు. (అది అందరికీ కనపడుతుందట, నా ప్రతిభేమీ లేదు.) రెండో పేజీలో నాకు చుక్కలే కనిపించాయి. మూడో పేజీలోనూ అంతే. "చుక్కలున్నాయండీ" అన్నాను వినయంగా. ఎన్ని అని అడుగుతారేమోనని లెక్కపెట్టడం కూడా మొదలుపెట్టాను. ఆయన పుస్తకం మూసేశారు. "నీకు ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియడం లేదు బాబూ. సిగ్నల్ చూసి బండి నడిపే ఉద్యోగం ఇది" అన్నారు. అప్పటిదాకా నాకా విషయం తెలియదు. మిరప కోతలకి వెళితే పచ్చివీ పండువీ కలిపి కోసేవాణ్ణి. అందరూ నన్ను బద్ధకస్తుడనుకున్నారు, నేనూ అదే అనుకున్నాను. మందేమైనా ఉందా అని అడిగితే ఆయన తల అడ్డంగా ఊపారు. "ఇది జబ్బు కాదు, జీన్స్‌లో ఉంటుంది. మీ అమ్మ నుంచి వచ్చి ఉంటుంది. ఆవిడకి రంగులు బాగానే కనపడతాయి, కొడుక్కి మాత్రం లోపం రావచ్చు."

ఆ మాటని నేను అక్కడే వదిలేసి రావాల్సింది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాక, ఏమైందిరా అని అమ్మ అడిగితే, "నీ నుంచే వచ్చిందంట" అన్నాను. నాయనమ్మ వెంటనే అందుకుంది. "నేననుకుంటానే ఉన్నా. మా వంశంలో ఇట్టాంటియ్యి లేవు." (ఆ వంశంలో ముగ్గురికి బట్టతల, ఇద్దరికి షుగరు, అందరికీ నోరు. అవేవీ ఆవిడ లెక్కలోకి రావు.) అమ్మ ఆ పూట అన్నం తినలేదు. మర్నాటి నుంచి నాకు క్యారెట్లు మొదలయ్యాయి. పొద్దున పచ్చివి, మధ్యాహ్నం కూర, సాయంత్రం రసం. "ఇది తిండితో పోయేది కాదమ్మా" అంటే, "తిను. నేనిచ్చిందేగా, నేనే పోగొడతా" అనేది. ఆ గొంతు విన్నాక ఎదురు చెప్పలేక నమిలేవాణ్ణి.

నేను మాత్రం ఇంకో దారి పట్టాను. మళ్ళీ పరీక్షించమని అర్జీ పెట్టుకుని, ఆ పుస్తకం పేజీలు నెట్ సెంటర్లో రంగుల్లో ప్రింటు తీయించి, ఏ పేజీలో ఏ అంకె ఉందో వరసగా బట్టీ పట్టాను. బస్సులో కళ్ళు మూసుకుని వల్లించుకుంటుంటే, పక్క సీట్లో పెద్దావిడ అది ప్రార్థన అనుకుని తనూ కొంగు నెత్తిన కప్పుకుని, నేను ఆగగానే "ఆమెన్" అంది. తీరా వెళితే కొత్త డాక్టరుగారు పుస్తకాన్ని చివరి నుంచి తెరిచారు. నేను మొదటి నుంచి చెప్పాను. ఆయన నాలుగు పేజీలు ఓపిగ్గా విని, ఐదో పేజీ తిప్పకుండా పెన్ను తీశారు. ఆ వేసవంతా నేను గడప దాటలేదు. లడ్డూ తిన్న ప్రతివాళ్ళూ "జాయినింగు ఎప్పుడు?" అని అడుగుతుంటే చచ్చిపోవాలనిపించేది.

ఒకరోజు పొద్దున్నే, తనకిది ఎవరి నుంచి వచ్చిందో తేల్చుకోవాలని అమ్మ నన్ను వెల్దుర్తి తీసుకెళ్ళింది. అక్కడ వాళ్ళ నాన్న, అంటే మా తాత, వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. నేను ప్రింటు తీయించిన ఒక చుక్కల పేజీ ఆయన ముందు పెట్టాను. "ఏందిరా ఇది, గింజలు ఆరబోసినట్టుంది" అన్నాడు. ఆ గింజల్లో అమ్మకి నలభై ఐదు స్పష్టంగా కనపడుతోంది. తాత ఆ కాగితం మడిచి నా చేతికిచ్చాడు. తర్వాత మెల్లగా, "నాకు తెలుసురా. మిరపకాయ పండిందో లేదో చేత్తో నొక్కి చూసుకునేవోణ్ణి. మీ అమ్మమ్మకి కూడా చెప్పలా, నవ్వుద్దని. చెప్పుంటే నువ్వు ఆ పరీక్షకి పోయేవోడివి కాదు" అన్నాడు.

అమ్మ ఆయన్నే చూస్తోంది. "నాన్నా, నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు క్రిస్మస్‌కి ఎర్ర పరికిణీ తెస్తానని బురద రంగుది తెచ్చావు."

"ఎర్రదే గదమ్మా తెచ్చా. కొట్టాయన ఎర్రదే అన్నాడు."

"చర్చిలో పిల్లలంతా నవ్వారు. నీకు నేనంటే ఇష్టం లేదనుకున్నా. ఎవరూ కొననిది నాకు తెచ్చావనుకున్నా. ఇన్నేళ్ళూ అట్టాగే అనుకుంటున్నా."

తాత తన అరచేతులు చూసుకున్నాడు. "నా కళ్ళకి చానా బాగుంది తల్లీ అది" అన్నాడు. అమ్మ నవ్వబోయి ఏడ్చేసింది. తిరుగు బస్సులో ఊరు దగ్గరపడ్డాక కళ్ళు తుడుచుకుని, "ఇదేదీ మీ నాయనమ్మకి చెప్పబాకు" అంది. మర్నాడు పళ్ళెంలో క్యారెట్లు లేవు. ఉద్యోగం మాత్రం రాలేదు. తాతా, ఆయన తర్వాత కొన్నేళ్ళకి అమ్మా వెళ్ళిపోయారు.

ఇప్పుడు నేను నరసరావుపేటలో ఒక బీమా ఆఫీసులో తెల్లకాగితాల మీద నల్లక్షరాలు చూసుకుంటూ బతుకుతున్నాను. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. నాలాంటి తండ్రి నుంచి ఈ జీను ప్రతి కూతురికీ తప్పకుండా వెళుతుంది. తనకి రంగులన్నీ కనపడతాయి, రేపు తన కొడుకు సంగతే చెప్పలేం. ఈ మాట దానితో చెప్పాలని రెండుసార్లు పక్కన కూర్చున్నాను. రెండుసార్లూ "చదువుకో తల్లీ" అని లేచి వచ్చేశాను. మా అమ్మతో "నీ నుంచే" అన్నప్పుడు అన్నం ముద్ద కలిపేంతసేపు కూడా ఆలోచించలేదు. ఆ ఇరవై మూడేళ్ళ పెద్దమనిషిని తలుచుకుంటే నవ్వొస్తుంది, పైకి నవ్వడానికే నోరు రాదు.