ఏడిళ్ళ బొంత

బొంత కుట్టడంలో నా అంత చెయ్యి పినపాక చుట్టుపక్కల ఇంకొకరికి లేదని నా నమ్మకం. నమ్మకమేంటి, పొగరే. దాచుకోవడం దేనికి?

మేం నలుగురు ఆడవాళ్ళం. మధ్యాహ్నం వంటిళ్ళు సర్దుకున్నాక మా వసారాలో చాప పరిచి, తలో అంచునా కూర్చుని కుడతాం. గోదావరి పొంగి ఇళ్ళు మునిగినవాళ్ళకు కొన్ని, హాస్టలు పిల్లలకు కొన్ని, దవాఖానాకు కొన్ని. ఎవరూ కుట్టమని అడగలేదు, ఎవరూ వద్దనీ అనలేదు. చేతులు ఆడుతుంటే నోళ్ళూ ఆడతాయి. ఊళ్ళో ఎవరింట్లో ఏ కూర మాడిందో కూడా మాకు తెలుసు.

మా దవాఖానా పక్కన ఒక పొడుగాటి గది ఉంది. వానాకాలంలో అడవి లోపలి గూడేలకు బండ్లు పోవు, వాగులు అడ్డం పడతాయి. అందుకని నెలలు నిండిన ఆడవాళ్ళను ముందే తీసుకొచ్చి కాన్పయ్యేదాకా ఆ గదిలో ఉంచుతారు. అక్కడికి ఎప్పుడూ పాత చీరల బొంతలే ఇచ్చేవాళ్ళం. ఆ ఏడు మాత్రం నాకు కొత్త బుద్ధి పుట్టింది. మణుగూరు వెళ్ళి కొత్త పాప్లిన్ గుడ్డ తెచ్చి, గులాబీరంగు అంచులు వేసి, పుట్టబోయే బిడ్డలకు ఆరు చిట్టి బొంతలు కుట్టాను. ఫోటోలో బాగుంటాయని కూడా అనుకున్నాను, అబద్ధమెందుకు?

ఒక్కో మంచం మీద ఒక్కోటి పరిచి, ఫోను పైకెత్తి ఫోటో తీస్తున్నాను. కిటికీ పక్క మంచం మీది పిల్ల గబుక్కున లేచింది. పాతికేళ్ళుంటాయేమో. బొంత వంక పామును చూసినట్టు చూసి, తన సంచీ సర్దుకోవడం మొదలుపెట్టింది.

"ఏమైంది బిడ్డా?"

"నేను మా గూడెం పోత. ఈడ ఉండ."

నాకసలే ముక్కు మీద కోపం. పది రోజులు నడుం విరిగేలా కుట్టిందాన్ని. "బాగానే ఉంది వరస! ఇచ్చేది తీసుకోవడానికి కూడా బతిమాలాలా?" అనేశాను.

నర్సమ్మ నా మోచెయ్యి పట్టుకుని గుమ్మం బయటికి తీసుకుపోయింది. ఆ పిల్లకు ముందు ఇద్దరు పుట్టి పోయారట, వారం తిరక్కుండానే. ఇప్పుడు ఒంట్లో రక్తం తక్కువ. గూడెంలో నొప్పులొస్తే, వాగు పొంగి ఉంటే, తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరు. "ఎంత బతిమాలితే ఉన్నదో తెల్సా అమ్మా? గిప్పుడు మీ బొంత చూసి పోతనంటున్నది."

తల కొట్టేసినట్టయింది. లోపలికి వెళ్ళి మంచం పక్కన నేల మీదే కూర్చున్నాను.

"తప్పయింది బిడ్డా. నా నోరు మంచిది కాదు. ఎందుకు పోతానంటున్నావో చెప్పు."

ఆమె మెల్లగా, మంచం కోడును గోటితో గీకుతూ చెప్పింది. "రెండుసార్లు గూడ మా ఆయన కొత్తబట్ట తెచ్చిండు. మురిసిపోయి తెచ్చిండు. కొత్తబట్టల పండుకున్న ఇద్దరూ పోయిండ్రు. ఇంక కొత్తది వద్దు. మా అత్త చెప్పింది, ఏడిండ్లల్ల అడుక్కున్న పాత గుడ్డల చుడితే దక్కుతదట. బిడ్డ పోని ఇండ్లు కావాలె. ఈడ నాకెవరు అడిగి తెస్తరు? మా గూడెంల అయితే మా అత్త తెస్తది."

నేను డిగ్రీ చదివినదాన్ని. అయినా నవ్వు రాలేదు. మా ఇళ్ళల్లోనూ పురిటిబిడ్డను పాతపంచెలోనే చుడతారు. తెలిసి తెలిసి పాప్లిన్ కోసం మణుగూరు పరిగెత్తింది నేనే కదా.

"నేను అడుక్కొస్తాను. నేనే కుడతాను. మూడు రోజులు ఉండు."

"నువ్వా? అడుక్కుంటవా?" నా చేతి బంగారు గాజుల వంక చూసింది.

"అవ్, నేనే."

"గట్లయితే మూడు రోజులుంట. నాలుగో రోజు పోత."

బయటికొచ్చాక గానీ నాకు అసలు సంగతి తట్టలేదు. బిడ్డ పోని ఇళ్ళు కావాలి. నా ఇల్లు అందులోకి రాదు. ముప్పై ఏళ్ళ కిందట నా మొదటి బిడ్డ పదకొండో రోజున పోయింది. ఆ తర్వాత ఒక కొడుకు పుట్టాడు, పెరిగాడు, ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఊళ్ళో కొత్తవాళ్ళకు నాకు పుట్టింది వాడొక్కడే అనే తెలుసు. గుడ్డ నాది కాకపోతే సరే. చెయ్యి?

ఆ అనుమానాన్ని అక్కడే అదిమిపెట్టి ఇళ్ళమీద పడ్డాను. కొంగు పట్టి, నిజంగానే "బిచ్చం వెయ్యండమ్మా" అని అడిగాను. అలా అడగకపోతే అది ఇచ్చిన గుడ్డవుతుంది గానీ అడుక్కున్న గుడ్డ కాదు. ఒకావిడ పడీపడీ నవ్వింది. ఇంకొకావిడ నాకు పిచ్చెక్కిందేమోనని ముందు మంచినీళ్ళిచ్చింది. రెండు రోజుల్లో ఆరిళ్ళు అయ్యాయి. ఏడో ఇల్లు మాత్రం ఎంత వెతికినా మా తోడికోడలిదే కనిపించింది. నలుగురు పిల్లలు, నలుగురూ నిక్షేపంగా ఉన్నారు.

ఆమెకూ నాకూ పెళ్ళిళ్ళలో, చావుల్లో తప్ప మాటల్లేవు. నా బిడ్డ పోయిన మరుసటేడు ఆమె మొదటి బిడ్డను ఉయ్యాలలో వేస్తుంటే నేను చెయ్యి చాచాను. "నువ్వు ముట్టుకోకక్కా" అంది, అందరి ముందూ. చచ్చినా దాని గడప తొక్కనని ఆ రోజే ఒట్టేసుకున్నాను.

తొక్కాను. కొంగు పట్టాను. ఆమె చేతిలో చాట అలాగే ఉండిపోయింది. సంగతంతా విని లోపలికి పోయి, ఒక నీలంరంగు నూలుచీర తెచ్చి నా కొంగులో పెట్టింది. వాడివాడి వెన్నలా మెత్తబడి ఉంది.

"నలుగురికీ ఉయ్యాల కట్టింది దీంతోనే," అంది. ఆగి, "ఎవరు కుడుతున్నారు?" అని అడిగింది.

"నేనే."

"ఆ పిల్లకు చెప్పావా?"

కాల్చెయ్యాలన్నంత కోపం వచ్చింది. కానీ ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. నేను మెట్లు దిగుతుంటే వెనకనుంచి, "ఆ రోజు నేను చిన్నదాన్నక్కా. మా అమ్మ అనమన్నదే అన్నాను," అంది. నేను తిరిగి చూడలేదు. ఏడుస్తున్నాను, చూడ్డమెలా?

నర్సమ్మ చెప్పినట్టు గుడ్డలన్నీ మరిగే నీళ్ళలో వేసి, ఇస్త్రీపెట్టెతో తడి ఆరగొట్టాను. పత్తి కలుపుల రోజులు, మిగతా ముగ్గురూ చేలల్లో ఉన్నారు. ఒక్కదాన్నే కూర్చుని మధ్యన నీలం చీర, చుట్టూ ఆరిళ్ళ ముక్కలు పెట్టి కుట్టాను. కుట్టు కుట్టుకీ ఒకటే మాట. చెప్పావా, చెప్పావా. చెబితే ఆ పిల్ల సంచీ పట్టుకుని పోతుంది, వాగు పొంగుతోంది. చెప్పకపోతే? ఇద్దరిని పోగొట్టుకున్న తల్లిని మోసం చేసినట్టు.

మూడో రోజు బొంత ఆమె ఒళ్ళో పెట్టి, నిలబడే చెప్పేశాను. "ఏడిళ్ళ గుడ్డే బిడ్డా. కుట్టింది నేను. నా మొదటి బిడ్డ పదకొండో రోజు పోయింది. నీకు వద్దనిపిస్తే ఇక్కడే విప్పేస్తాను, ఇంకొకరితో కుట్టిస్తాను. నువ్వు మాత్రం పోవద్దు."

ఆమె బొంతను తిరగేసి వేలితో కుట్ల వెంట తడిమింది. సంచీ మంచం కిందే ఉంది.

"ఆడపిల్లనా, మొగపిల్లగాడా?"

"ఆడపిల్ల."

"ఎవరి పోలిక?"

ముప్పై ఏళ్ళలో నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. ఎలా పోయిందని అడిగారు, ఏ జన్మ పాపమో అన్నారు. ఎలా ఉండేదని ఒక్కరూ అడగలేదు.

"నా పోలికే. గడ్డం మీద సొట్ట," అన్నాను.

"నా చిన్నదానికి గూడ ఉండె," అంది ఆమె. బొంతను మడిచి తలగడ పక్కన పెట్టుకుంది. కాలితో సంచీని మంచం కిందికి ఇంకా లోపలికి తోసింది. "పుట్టినంక నువ్వే వచ్చి చుట్టాలె. కుట్టినదానివి చుట్టవా ఏంది?"

ఐదో రోజు పొద్దున్నే నర్సమ్మ ఫోను. గొడుగు కూడా మరిచిపోయి పరిగెత్తాను. మగపిల్లవాడు. చిన్నగా ఉన్నాడు గానీ గది ఎగిరిపోయేలా ఏడుస్తున్నాడు. ఆమె నీరసంగా పడుకుని, కళ్ళతోనే బొంత చూపించింది. నేను చేతులు రెండుసార్లు కడుక్కుని, నీలం చీర వాడి ఒంటికి తగిలేలా చుట్టాను. వాడు ఏడుపు ఆపాడు. నేను మొదలుపెట్టాను.

"అమ్మా," అని పిలిచింది ఆమె మంచం మీంచి. "ఇంక చాలు. బొంత తడుస్తది."